దేవరకొండ కెళ్లి గుల్‌మార్గ్ పోయే పిల్లగాడు ఇంటి కాడ ఏం చేయాలె, పైన మొదటి వారం ఏం చేయొద్దు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ చిన్నోనికి 19 ఏండ్లు, ఆర్మీల చేరి ఏడాదిన్నర, బడిల ఉన్నప్పటి నుంచే మంచి రన్నరు, మొన్నటి ఎండకాలం రోలర్ స్కీ (రోడ్డు మీద నడిచే చక్రాల స్కీ) మీద తిప్పిన్రు, ఇప్పుడు బయాథ్లాన్ (మంచు మీద స్కీలతోని ఉరుక్కుంట నడుమ రైఫిల్‌తోని గురి కొట్టే ఆట) ట్రయల్స్ కోసం అక్టోబర్ల గుల్‌మార్గ్ క్యాంపుకు పంపుతున్నరు, దానికి ముందు నెల రోజులు లీవ్ మీద దేవరకొండల ఉంటడు. పైన దమ్ము అందాలంటే ఇప్పటి నుంచి ఏం చేయించాలె, ఆన్‌లైన్ల అమ్మే ఆల్టిట్యూడ్ మాస్క్ కొనాల్నా, డయామాక్స్ గోళీలు ఇచ్చి పంపాల్నా అని అడిగినవు.

నాది కల్వకుర్తి దిక్కు. 17 ఏండ్లు ఫౌజుల చేసిన, అండ్ల ఆరు సీజన్లు వీపుకు రైఫిల్ కట్టుకొని మంచు మీద తిరిగిన, తర్వాత నాలుగేండ్లు జూనియర్ పిల్లల పక్కపొంటి ఉండి వాళ్ల ట్రెయినింగ్ చూసిన. మన దిక్కు పిల్లలు ఈ ఆటకు వచ్చుడే తక్కువ, వచ్చినోళ్లు మొదటి క్యాంపులనే పానం చెడగొట్టుకొని వాపస్ పోవుడు నా కండ్లతోని చూసిన, అందుకే జర పొడుగే రాస్తున్న, ఓపికతోని చదువు, మీ చిన్నోనికి గూడ చదివించు.

ముందుగాల గోళీల ముచ్చట, ఎందుకంటే ఇది అన్నిటికన్న ప్రమాదం. డయామాక్స్ అంటే అసిటాజోలమైడ్. అమర్‌నాథ్ యాత్రకో ట్రెక్కింగ్‌కో పోయెటోళ్లు డాక్టర్‌ను అడిగి వేసుకుంటరు, వాళ్లకేం తప్పు లేదు. కని అది మూత్రం ఎక్కువ తెప్పించే మందు, ఆటలల్ల డోపింగ్ ఆపే ప్రపంచ సంస్థ వాడా నిషేధ జాబితాల డైయూరెటిక్స్ కింద ఉన్నది, రేసు నాడు ఒక్కటే కాదు ఏడాది పొడుగునా నిషేధమే. మన దేశంల గదే పని చూసే నాడా వాళ్లు ఎప్పుడన్న క్యాంపుకు వచ్చి శాంపిల్ తీసుకోవచ్చు, అప్పుడు మా అన్న ఇచ్చిండు నాకు తెల్వదు అంటే ఎవలూ ఇనరు. నిజంగ అవసరం పడితే టీమ్ డాక్టర్ రాయాలె, దానికి ముందుగాల పర్మిషన్ కాయితం ఉండాలె. గట్లనే మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే జలుబు గోళీలు, వాపు తగ్గే స్టెరాయిడ్ గోళీలు, బలానికని ఎవలో ఇచ్చే పొడులు, ఏదీ బ్యాగుల పెట్టకు. నువ్వు ప్రేమతోనే పెడతవు, నాకు తెలుసు, కని అదే పిల్లగాని మెడకు చుట్టుకుంటది.

మాస్క్ కొనకు. అది గాలి పీల్చుడు కష్టం చేస్తది అంతే, గాలిల ఆక్సిజన్ వత్తిడి అట్లనే ఉంటది. ఎత్తు మీద ఒంట్ల మార్పు వచ్చేది రోజుకు ఇన్ని గంటలు అని వారాల కొద్ది అక్కడ పండుకుంటే, తింటే, తిరిగితే. అరగంట మూతికి రబ్బరు కట్టుకుంటే రాదు. ఆ పైసలు రక్త పరీక్షకు పెట్టు, దాని సంగతి కిందికి చెప్త.

అసలు అక్కడ ఏమైతదో ఒక్కసారి సమజ్ చేసుకో. మన నల్గొండ దిక్కు సముద్రానికి ఐదు వందల మీటర్ల ఎత్తు లోపలనే ఉంటది, గుల్‌మార్గ్ మైదానం 2650 మీటర్లు. చానామంది అక్కడ ఆక్సిజన్ తక్కువ ఉంటది అంటరు, శాతం లెక్కల చూస్తే ఇక్కడా అక్కడా 21 శాతమే, తగ్గేది గాలి వత్తిడి. మన దగ్గర నాలుగు ముంతల గాలిల ఎంత ఆక్సిజన్ వస్తదో అంత కావాలంటే అక్కడ ఐదు ముంతల పైన పీల్చాలె. అందుకే మంచి ట్రెయినింగ్ ఉన్న పిల్లగానికి సుత మొదట్ల గరిష్ట దమ్ము పది పదిహేను శాతం పడిపోతది. వాడు బలహీనుడని కాదు, అందరికీ పడతది. ఇగ ఒళ్లు ఏం చేస్తదంటే, కిడ్నీలు ఒకటి రెండు రోజులల్లనే ఈపీఓ అనే హార్మోన్ ఎక్కువ ఇడుస్తయి, అది ఎముకల మూలుగకు ఎర్ర కణాలు చెయ్యమని చెప్తది. కని ఆ చెప్పుడుకూ నిజంగ హిమోగ్లోబిన్ పెరుగుడుకూ నడుమ మూడు నాలుగు వారాలు పడతది. మొదటి వారంల టెస్ట్ చేపిస్తే హిమోగ్లోబిన్ నంబర్ పెరిగినట్టు కనబడతది, దాన్ని చూసి మోసపోవద్దు, ఒంట్ల నీళ్లు తగ్గి రక్తం చిక్కబడుడు అది, కొత్త కణాలు కావు.

మరి ఇంటి కాడ నెల రోజులల్ల ఏం చేయాలె? మన గుట్టలల్ల ఎత్తు దొరకదు, అది ముందే ఒప్పుకోవాలె. అచ్చంపేట పైన ఫరహాబాద్ దాకా పోయినా వెయ్యి మీటర్లు దాటవు, ఒంట్ల రక్తం మారేంత ఎత్తు కాదది. కని కాళ్లు, ఊపిరి, భుజాలు తయారు చేసుకునేందుకు మన జాగ బంగారం లెక్క. దేవరకొండ ఖిల్లా మెట్లు, ఉమామహేశ్వరం ఎక్కుడు, రెండు చేతులల్ల స్కీ పోల్స్ పట్టుకొని పోల్స్‌తోని నూకుకుంట ఎక్కాలె, నడకలాగ కాదు, ప్రతి అడుగుకు వెనుకకు తోయాలె. వారానికి రెండుసార్లు చాలు. రోలర్ స్కీ పొద్దుగాల ఐదున్నరకు రోడ్డు ఖాళీ ఉన్నప్పుడే, హైవే మీద వద్దు, హెల్మెట్ లేకుంట అసలే వద్దు, రోలర్ స్కీలకు బ్రేకులు ఉండవు అని మర్చిపోకు, దిగుడు ఉన్న రోడ్డు మీద నువ్వు బండి మీద ముందట పోయి రోడ్డు చూసి రమ్మంటేనే రావాలె.

పూర్ణ సంగతి అందరికీ ఎరుకే కదా, 2014 మే 25న 13 ఏండ్లకు ఎవరెస్ట్ ఎక్కింది. మొదలు పెట్టింది మన భువనగిరి బండ మీదనే. కని భువనగిరి కెళ్లి సీదా ఎవరెస్ట్‌కు తోల్కపోలే, డార్జిలింగ్ పంపిన్రు, లదాక్ చలిల ఉంచిన్రు, మెట్టు మెట్టు ఎక్కిచ్చిన్రు. మీ చిన్నోనికి గూడ గదే దారి. వీలైతే క్యాంపు తారీఖుకు రెండు రోజులు ముందుగాల బయలెల్లి శ్రీనగర్ల ఆగమను, అది 1600 మీటర్ల దగ్గర, మంచి మెట్టు.

మన ఎండను తక్కువ చూడకు. పది పన్నెండు రోజులు రోజూ గంట సేపు వేడిల మెల్లగ పని చేస్తే రక్తంల ప్లాస్మా, అంటే నీళ్ల భాగం, పెరుగుతది. పైకి పోంగనే మొదట తగ్గేది గదే ప్లాస్మా. అందుకే పోయే ముందటి రెండు వారాలు, పొద్దుమీకి నాలుగింటికి వేడి ఉన్నప్పుడు గంట సేపు అల్కగ ఉరకమను, ముచ్చట పెట్టుకుంట ఉరికేంత అల్కగ. ఎండల ఇంటర్వెల్స్ (జోరుగ ఉరుకుడు, నడుమ ఆగుడు, మల్ల ఉరుకుడు) వద్దు, వడదెబ్బ తలిగితే నెల మొత్తం పోతది. దూప అయినప్పుడు ఉప్పేసిన మజ్జిగో అంబలో తాగాలె, ఒట్టి నీళ్లే లీటర్ల కొద్ది తాగొద్దు.

ఇప్పుడు రక్త పరీక్ష. నన్ను అడిగితే ఈ మొత్తం జవాబుల ఒక్క పని చేస్తవా అంటే ఇదే చెయ్యమంట. ఇయ్యాల్నో రేపో నల్గొండల ఏదన్న మంచి ల్యాబుల సీబీసీ (రక్త కణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్ల దాచిన ఇనుము లెక్క) రెండూ చేపియ్. హిమోగ్లోబిన్ బాగుంటే చాలు అనుకుంటరు, కాదు. ఫెర్రిటిన్ అంటే ఇంట్ల గుమ్మి లెక్క, హిమోగ్లోబిన్ పొయ్యి మీది కుండ. కుండల బువ్వ కనబడుతుంటది కని గుమ్మిల వడ్లు ఉన్నయా లేవా అన్నది ఫెర్రిటినే చెప్తది. పైకి పోయినంక ఒళ్లు కొత్త ఎర్ర కణాలు చేద్దామంటే ఇనుము కావాలె, గుమ్మి ఖాళీ ఉంటే నాలుగు వారాలు చలిల పడ్డ కష్టమంతా వట్టిదే. నేను చూసిన జూనియర్లల్ల ఎంత ఉరికినా ముందుకు పోని పిల్లలు ఇద్దరు ఉండె, కోచులు సోమరులని తిట్టిన్రు, తీరా చూస్తే ఫెర్రిటిన్ ఒకనికి 11, ఇంకొకనికి 14. ఫెర్రిటిన్ 30 కన్న తక్కువ ఉంటే డాక్టర్ దగ్గరికి తోల్కపో, ఐరన్ గోళీలు ఎన్ని, ఎట్ల అన్నది ఆయన చెప్తడు, కని ఇప్పుడే మొదలు పెట్టాలె, గుమ్మి నిండనీకె నెలపైనే పడతది. పరీక్ష చేయకుంట గోళీలు మింగొద్దు, కొందరి ఒంట్ల ఇనుము ముందే ఎక్కువ ఉంటది. ఇంకొకటి, మీ చుట్టాలల్ల ఎవలకన్న సికిల్ సెల్ ఉంటే ఆ పరీక్ష గూడ చేపియ్, ఆ లక్షణం ఉన్నోళ్లకు ఎత్తు మీద ప్లీహం దెబ్బ తినే ప్రమాదం ఉంటది, టీమ్ డాక్టర్‌కు ముందే తెల్వాలె.

తిండి మన ఇంట్ల ఉన్నదే చాలు. వారానికి రెండుసార్లు కార్జం ఫ్రై, జొన్న రొట్టెల పుంటికూర పప్పు, పైన నిమ్మకాయ పిండుకోవాలె, పులుపు ఉంటే కూరల ఇనుము ఒంటికి పడతది. తిన్నంక ఎంటనే చాయ్ తాగే అలవాటు మనకు ఇంటింటికీ ఉన్నది, ఈ నెల బంద్ చేయమను, చాయ్ ఇనుమును పట్టుకొని బయటికి తోల్కపోతది, తిన్న గంటన్నరకు తాగితే ఫరక్ పడది. పైకి పోయినంక మొదటి వారం ఆకలి సచ్చిపోతది, అక్కడ ఒళ్లు పిండిపదార్థమే ఎక్కువ కాలుస్తది గని నోటికి ఏదీ సయించది, అందుకే పల్లిపట్టీలు, నువ్వుల ముద్దలు ఓ రెండు కిలోలు కట్టియ్. మీ అమ్మ చేసినయి అయితే ఆకలి లేకున్నా తింటడు.

ఇగ రైఫిల్ ముచ్చట. చానామంది బయాథ్లాన్ అంటే స్కీయింగే అనుకుంటరు, కని రేసు పోయేది రేంజ్ల. లీవ్ మీద రైఫిల్ ఉండదు కదా, ఏం ఫికర్ లేదు. మీ ఊరి వడ్లాయనతోని రైఫిల్ పొడుగుతోని ఒక తుమ్మ కట్టె చెక్కియ్, అసలు రైఫిల్ మూడున్నర కిలోలకు తక్కువ ఉండొద్దని రూలు, కట్టె తూకం వేసి తక్కువ పడితే ఇసుక మూట కట్టు. లక్ష్యం 50 మీటర్ల దూరంల ఉంటది, పండుకొని కొట్టేటప్పుడు 45 మిల్లీమీటర్ల చుక్క, నిలబడి కొట్టేటప్పుడు 115. ఇంట్ల ఐదు మీటర్లు కొలిచి గోడ మీద గీస్తే అదే లెక్క పదో వంతుకు వస్తది, పండుకునే దానికి పెసరగింజంత చుక్కలు ఐదు, నిలబడే దానికి చొక్కా గుండీ అంత చుక్కలు ఐదు. మేడ మెట్లు ఆరేడు సార్లు ఎక్కి దిగి గుండె దడదడ కొట్టుకుంటుండంగనే వచ్చి బొంత మీద పండుకోవాలె, ఒక శ్వాస పూర్తిగ, ఇంకో శ్వాస సగం ఇడిచి ఆపి, చుక్క మీద కన్ను నిలిపి వేలు మెల్లగ గుంజాలె, మల్ల శ్వాస, మల్ల చుక్క. ఐదు చుక్కలకు ముప్పై అయిదు నలభై సెకన్లు పట్టినా పర్వాలేదు, తొందర వద్దు. రోజుకు ఇరవై నిమిషాలు, నాగా లేకుంట.

ఎందుకు ఇంత చెప్తున్ననంటే నా సంగతి చెప్త. నా రెండో క్యాంపు, పైకి పోయిన మూడో పొద్దు. తల కొంచెం బరువుగ ఉండె, ఎవలకు చెప్పలే. లదాక్ పిల్లలు, హిమాచల్ పిల్లలు గోండోలా మొదటి స్టేషన్ కొంగ్డోరి దిక్కు ఉరికి ఎక్కుతుంటే నేను గూడ వాళ్ల ఎనుకనే పోయిన, వాళ్లు పుట్టి పెరిగిందే ఆ ఎత్తుల అన్న సోయి లేదు నాకు, పాలమూరోని దమ్ము చూపియ్యాలె అన్నదే మనసుల ఉన్నది. పొద్దుమీకి రేంజ్‌కు పోతే ముందటి రింగు లోపట నల్ల చుక్క నిలవదు, గుండె కొట్టుకున్నప్పుడల్ల ఎగిరి పడతది, నేను శ్వాస ఆపుదామంటే రెండు సెకన్లకే ఛాతి మంట, ఆగలేక గుంజేసిన. ఐదుల నాలుగు పోయినయి. ఒక్కోటి పోతే 150 మీటర్ల పెనాల్టీ చుట్టు, నాలుగంటే 600 మీటర్లు, ఆ గాలిల. ఆ రాత్రి తలకాయ నొప్పి, వాంతులు, పొద్దున లేవలే. ఐదు రోజులు మంచంల, తర్వాత పొడి దగ్గు రెండు వారాలు పోలే. నాలుగు వారాల క్యాంపుల నాకు దక్కింది పది రోజులు. ఆ ఏడాది సెలెక్షన్ల నా పేరు లేదు. ఇప్పటికీ ఆ పొద్దు యాదికొస్తే మనసుల కలుక్కుమంటది.

అందుకే మీ చిన్నోనికి ఖచ్చితంగ చెప్పు, మొదటి మూడు రోజులు నడకనే, ఎక్కువల ఎక్కువ అరగంట అల్కగ ఉరుకుడు, ముక్కుతోని గాలి పీల్చుకుంట చేసేంత. నాలుగో రోజు నుంచి వారం నిండేదాక అల్కగ రోలర్ స్కీ, రేంజ్ల కూసొని దమ్ము తీసుకున్నంకనే షూటింగ్. రైఫిల్ జీరో, అంటే సైట్‌ను గురికి సరిచేసుడు, పైన మల్ల చేసుకోవాలె, గాలి పలుచన, చలికి తూటా తీరు మారతది, కింద పెట్టిన సైట్ సెట్టింగ్ నమ్ముకోవద్దు. రెండో వారంల కిలోమీటర్లు మామూలుకు తెచ్చుకోవచ్చు. ఇంటర్వెల్స్ మూడో వారంలనే, అవి గూడ చిన్నయి, నడుమ రెస్ట్ ఇంటి కాడ తీసుకునేదానికి ఒకటిన్నర రెండింతలు. రేంజ్‌కు వచ్చేటప్పుడు చివరి రెండు వందల మీటర్లు కింద చేసేదానికన్న ముందుగాల్నే మెల్లగ కావాలె, మొదటి గుండుకు ముందు రెండు శ్వాసలు తీసుకునేటోడు మూడు తీసుకోవాలె, గుండుకు గుండుకు నడుమ ఒక శ్వాస బదులు రెండు. ఐదారు సెకన్లు పోతయి, పోనీ, ఒక్క గుండు తప్పితే పెనాల్టీ చుట్టుకు అర నిమిషం పోతది.

గట్టి పని కిందికి దిగి చేయాలె అన్న మాట మీ చిన్నోడు విని ఉంటడు. 1997ల అమెరికాల లెవిన్, స్ట్రే-గండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు రన్నర్లను 2500 మీటర్ల కాడ పండుకోబెట్టి 1250 మీటర్ల కాడ ఉరికిచ్చి చూసిన్రు, పైన ఉండి కిందికి వచ్చి ట్రెయినింగ్ చేసినోళ్లే బాగుపడ్డరు. ఎందుకంటే పైన కాళ్లు వేగంగ ఆడవు, వేగం మర్చిపోతయి. గుల్‌మార్గ్ కెళ్లి తంగ్‌మార్గ్ కిందికి 13 కిలోమీటర్ల రోడ్డు, కోచ్ ఒప్పుకొని బండి దొరికితే వారానికి రెండుసార్లు దిగి వేగం పని అక్కడ చేసుకోవచ్చు. కని ఇంకో లెక్క గూడ ఉన్నది. అంతర్జాతీయ బయాథ్లాన్ ట్రాక్‌లు మామూలుగ 1800 మీటర్ల లోపలనే ఉంటయి, 2026 ఒలింపిక్స్ బయాథ్లాన్‌కు పెట్టుకున్న ఇటలీల అంతోల్జ్‌నే 1600 మీటర్ల దగ్గర ఉంటే చాన ఎత్తు అంటరు. మనోళ్ల రేసులు గుల్‌మార్గ్‌లనే పెడితే, అంతర్జాతీయ రేసులు మామూలుగ పెట్టని ఎత్తు మీద మనోళ్లు రేసు కొట్టాలె. అంటే మీ చిన్నోనికి ఎత్తు మీదికి పోయి కిందికి వచ్చి గెలిచే లెక్క కాదు, ఎత్తు మీదనే ఉండి ఎత్తు మీదనే కొట్టే లెక్క. అట్లాంటప్పుడు అలవాటు పడుడే పెద్ద పని, మిగతావన్నీ దాని ఎనుక.

రోజూ పొద్దుగాల లేవంగనే పక్క మీదనే నాడి నిమిషానికి ఎంత కొట్టుకుంటుందో రాసుకోమను. ఇంటి కాడ వారం రాసిన సరాసరి ఉండాలె చేతిల, అది లేకుంటే పైన నంబర్‌కు అర్థం లేదు. పైన మొదట్ల అయిదు పది ఎక్కువ ఉంటది, అది మామూలే, రోజు రోజుకు దిగాలె. దిగకుంట ఇంకా పెరిగితే ఆ రోజు పని లేదు, నడకనే. కరోనా నాడు కొన్న ఆక్సిమీటర్ ఇంట్ల పడి ఉంటే అదీ పంపు, 90 నుంచి 95 నడుమ ఉంటే బుగులు పడొద్దు, చలికి వేళ్లు సల్లబడితే తప్పు చూపిస్తది, అరచేతులు రుద్దుకొని మల్ల చూడాలె. తలకాయ నొప్పితోని వాంతులు అయినా, నడుస్తుంటే తూలినా, కూసున్నకాడ ఆయాసం వచ్చి దగ్గుల తెల్ల నురుగు పడినా, అది జలుబు కాదు, ఎంటనే చెప్పాలె, ఆ రాత్రే కిందికి దించాలె, పొద్దుగాల చూద్దాం అనొద్దు. మన పిల్లలు చెప్పరు తమ్మీ, టీమ్‌ల కెళ్లి తీసేస్తరని భయం. నువ్వు పెద్దోనివి, ఆ భయం నువ్వే తీయాలె. మొదటి వారం రోజూ రాత్రి ఫోన్ చెయ్, తిన్నవా పండుకున్నవా అని కాదు, పొద్దుగాల నాడి ఎంత ఉన్నది, తలకాయ నొప్పి ఉన్నదా అని సీదా అడుగు.

ఫెర్రిటిన్ రిపోర్ట్ వచ్చినంక నంబర్ ఈడనే రాయి. నాడి సరాసరి గూడ. రెండూ చూసినంక ఆ నాలుగు వారాలు ఏ వారం ఎన్ని గంటలు చేయొచ్చో రాసి పెడత, క్యాంపుల కోచ్ వేరే చెప్తే మాత్రం కోచ్ మాటనే ఇనమను, ఆయన పిల్లగాన్ని కండ్లతోని చూస్తడు, నేను ఈడ కల్వకుర్తిల కూసొని రాస్తున్న.